గుండె గోలీలూ ఖాసిం పీరూ

తాండూరులో నాకంటే ఎక్కువ మంది చేతులు పట్టుకున్నవాడు ఎవడైనా ఉంటే వాడు గాజులమ్మేవాడై ఉండాలి. ముప్పై ఏళ్ళు కాంపౌండరుగా చేశాను. డాక్టరుగారు చీటీ రాస్తే నేను గోలీలు పొట్లం కట్టేవాణ్ణి, సూదులు వేసేవాణ్ణి, నాడి చూసేవాణ్ణి. నాడి చూడడమంటే హకీముల్లాగా కళ్ళు మూసుకుని తల ఊపడం కాదు. గడియారం ముందు పెట్టుకుని, సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగేదాకా లెక్కపెట్టడం. డెబ్బై రెండంటే డెబ్బై రెండే. ఆ లెక్కకు పెద్దా చిన్నా లేదు, మనవాడూ పరాయివాడూ లేదు. నా పేరు అజమత్. మనుషుల మాటలకన్నా వాళ్ళ మణికట్టును నమ్మడం నాకు అలవాటు. దానివల్ల స్నేహితులు తగ్గారు, మోసపోవడమూ తగ్గింది.

మిగిలిన కొద్దిమంది స్నేహితుల్లో ఫకీరప్ప ఒకడు. పేరు విని మావాడనుకోకండి, హిందువే. అంతకుముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే అతని తల్లి పీర్లకు మొక్కుకుని ఆ పేరు పెట్టింది. మా వైపు అలాంటి పేర్లు కొల్లలు. అతని భార్య మొగులమ్మ కూడా ఆ మొక్కు సరుకే. ఫకీరప్ప నాపబండల గనిలో పని చేసేవాడు. ఉలి ఆనించి సుత్తితో తడితే, బండ పొర ఎక్కడ విడుతుందో చప్పుడు విని చెప్పేవాడు. ఇంట్లో మాత్రం అతని మాట ఎవరూ వినేవారు కాదు. అతనూ ఒకటి రెండు మాటలు ఎదురని ఊరుకునేవాడు. సంసారం మొగులమ్మ నోటి మీద నడిచేది.

ఏడాదికి ఒక్క రోజు ఈ లెక్క తిరగబడేది. మొహర్రం పదోనాడు ఫకీరప్ప ఖాసిం పీరును ఎత్తుకునేవాడు. పీరంటే తెలియనివారికి చెబుతున్నాను. పొడుగాటి కర్ర, కొసన లోహపు పంజా, దాని నిండా భక్తులు కట్టిన రంగురంగుల బట్టలు. పట్టుకున్న మనిషి మీదికి పీరు ఎక్కుతుంది. దాన్ని సవారి అంటారు. సవారి వచ్చాక అతను ఫకీరప్ప కాదు, ఖాసిం సామి. ఉర్దూలో మాట్లాడతాడు. పీర్ల సావిడి చూసుకునే ముజావర్ చాంద్‌పాషా పక్కన నిలబడి దాన్ని తెలుగులో చెబుతాడు. బావి ఎక్కడ తవ్వాలి, పిల్లను ఎక్కడ ఇవ్వాలి, కోర్టు కేసు గెలుస్తామా, అన్నీ ఆ రోజే అడుగుతారు.

మొగులమ్మ కూడా అందరితోపాటు వరసలో నిలబడేది. ముందురోజు దాకా "నీకు బుద్ధున్నదా మనిషీ" అని తిట్టిన మొగుణ్ణే "తండ్రీ" అని రెండు చేతులూ జోడించి అడిగేది. కూతుర్ని పరిగిలో ఇచ్చింది ఖాసిం సామి చెబితేనే. ఇంటి వాకిలి మార్చింది ఆయన చెబితేనే. ఫకీరప్ప మాట ఆ ఇంట్లో గుమ్మం దాటేది కాదు, ఖాసిం సామి మాటకు మాత్రం తిరుగులేదు.

నేను ఐదు పూటలా నమాజు చేసేవాణ్ణి. పీర్ల దగ్గరికి పోతే మా నాన్న చెవి మెలిపెట్టేవాడు. పెద్దయ్యాక వెళ్ళింది భక్తితో కాదు, అనుమానంతో. ఒక ఏడు సవారిలో ఊగుతున్న ఫకీరప్ప మణికట్టు పట్టుకుని లెక్కపెట్టాను. నూట నలభై నాలుగు. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడడం లేదు. తర్వాత సావిడి ముందు అలావాలో, అంటే నిప్పుల గుండంలో, అందరూ చూస్తుండగా నడిచాడు. అవతలికి వచ్చాక అరికాళ్ళు చూపమన్నాను. బూడిద అంటుకుని ఉంది, అంతే. నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. ఒళ్ళంతా ఊపి నటించవచ్చు. నాడిని నటించడం ఎవడివల్లా కాదు. ఆ పైన నాకు తెలియదు, తెలియనిదాన్ని తెలియదని వదిలేశాను.

డెబ్బై ఎనిమిది ఎండాకాలంలో ఫకీరప్ప గనిలో బండ ఎత్తుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. మా డాక్టరుగారు చూసి, ఇది మన దగ్గర తేలేది కాదని వికారాబాద్‌లో పెద్ద డాక్టరు దగ్గరికి చీటీ రాశారు. నేనే రైల్లో తీసుకెళ్ళాను. అక్కడ ఛాతీకి తీగలు పెట్టి కాగితం మీద గీతలు తీశారు. గుండెకు రక్తం సరిగ్గా అందడం లేదు, బీపీ కూడా ఎక్కువే అన్నారు. ప్రొప్రనొలాల్ అనే గోలీలు రాశారు, రోజుకు మూడు. గుండెను నిమ్మళంగా కొట్టుకునేలా చేస్తుంది, పని తగ్గిస్తుంది, నొప్పి రానివ్వదు.

బయటికి వస్తుంటే నర్సు రాహేలమ్మ నన్ను ఆపింది. నాకు పాత పరిచయం, మాట పొదుపు మనిషి.

"అజమత్ భాయ్, ఒక మాట యాదికి పెట్టుకో. గీ గోలి మొదలు పెట్టుడు మన చేతుల ఉంటది, బంద్ పెట్టుడు ఉండదు. ఒక్కసారే ఇడిస్తే గుండె ఎగబడ్తది. మొన్న ఒక బడిపంతులు నాకు మంచిగైందని ఇడిచిండు. అయిదో దినం తీస్కొచ్చిన్రు. అప్పటికే అయిపోయింది."

ఆ మాట ఫకీరప్పకూ మొగులమ్మకూ ఇద్దరికీ చెప్పాను. గోలీలు పనిచేశాయి. వారం తిరిగేసరికి నొప్పి పోయింది. బరువులు ఎత్తొద్దన్నారు కాబట్టి గనిలో కూర్చుని ఉలులకు పదును పెట్టే పనికి మారాడు. నెలకోసారి నా దగ్గరికి వచ్చి చెయ్యి చాచేవాడు. యాభై ఆరు, యాభై ఎనిమిది. బీపీ సరిగ్గా ఉంది. నాకు సంతోషంగా ఉండేది. పెద్ద చదువు లేని కాంపౌండరుకు అంతకంటే ఏం కావాలి, పుస్తకంలో రాసినట్టే జరుగుతోంది.

ఆ ఏడు మొహర్రం డిసెంబరు చలిలో వచ్చింది. పదోనాడు పొద్దున డప్పులు మొదలయ్యాయి, ఊదు పొగ లేచింది, చాంద్‌పాషా ఖాసిం పీరును ఫకీరప్ప చేతిలో పెట్టాడు. ఫకీరప్ప నిలబడ్డాడు. డప్పులు ఇంకా గట్టిగా కొట్టారు. ఫకీరప్ప బస్సు కోసం ఎదురుచూసేవాడిలా నిలబడే ఉన్నాడు. పక్కన చిన్న పీరును పట్టుకున్న రాజేందర్ అనే పాతికేళ్ళవాడు మాత్రం ఊరు అదిరేలా ఊగిపోయాడు. వరసలో ఉన్న ఆడవాళ్ళు మెల్లగా రాజేందర్ వైపు జరిగారు. మొగులమ్మ ఒక్కతే మొగుడి ముందు చేతులు జోడించుకుని ఉండిపోయింది. సాయంత్రం ఖాసిం పీరు ఒక్క మాటా మాట్లాడకుండా కాగ్నా వాగు ఒడ్డుకు వెళ్ళింది.

మరునాటికి ఊళ్ళో అందరూ వైద్యులే. సామి అలిగాడని ఒకరు, ఇంగ్లీషు మందుతో ఒళ్ళు మైలపడిందని ఒకరు. ఈ రెండో మాటను ఎక్కువగా తిప్పినవాడు రాజేందర్. కుర్రవాడికి ఖాసిం పీరు మీద కన్నుండడంలో తప్పు లేదు, అందరికీ ఏదో ఒక ఉద్యోగం కావాలి.

నెల తర్వాత వికారాబాద్ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు ఫకీరప్ప స్వయంగా డాక్టరును అడిగాడు.

"సారూ, గీ గోలి తినవట్టినంక సామి వస్తలేడు."

డాక్టరు నవ్వలేదు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే. "సామి వచ్చేటప్పుడు నీకు ఎట్లా ఉంటుంది?" అన్నారు.

"ముందుగాల గుండె దడదడ అంటది. ఎన్క చేతులు వణుకుతయి. ఒళ్ళంత చెమటలు వడ్తయి. గంతే, ఇగ నాకేం యాదికుండదు."

డాక్టరు కలం కింద పెట్టారు. "ఈ గోలీ పనే అది ఫకీరప్పా. గుండె దడ రానివ్వదు, చేతులు వణకనివ్వదు."

"గా దడ మీదనే సామి వస్తడు సారూ. ఆయన ఎక్కే గుర్రాన్ని మీరు కట్టేసిన్రు."

డాక్టరు మళ్ళీ కలం తీసుకుని, సరే, సగానికి తగ్గిద్దాం అన్నారు. మెల్లమెల్లగా తగ్గించాం. ఇంకా సగానికి రాకముందే, ఫకీరప్ప సావిడి మెట్లెక్కుతూ మళ్ళీ ఛాతీ పట్టుకున్నాడు. మళ్ళీ పాత లెక్కే, రోజుకు మూడు. వేరే మందు ఏదైనా ఉందా అని అడిగాను. ఉన్నవాటిలో ఇదే నయం అన్నారు.

అక్కడి నుంచి మనిషి తగ్గిపోతూ వచ్చాడు. చేతులు చల్లబడ్డాయి. కాళ్ళు ఈడ్చేవాడు. పీడకలలు వచ్చేవి. గని నిండా నీళ్ళు నిండుతుంటే తాను అడుగున ఉండి బండలు చెక్కుతున్నట్టు కల. పగలు గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఇవన్నీ ఆ గోలీతో రావచ్చని మా డాక్టరుగారి పుస్తకంలో ఉంది. అలసట, చల్లటి చేతులు, చెడ్డ కలలు, మనసు కుంగడం, మగవాళ్ళకు ఇంకొక ఇబ్బంది కూడా. వీటిలో గోలీ పాలు ఎంతో, సామి రాలేదన్న దిగులు పాలు ఎంతో నాకు తేలలేదు. దిగులుకు లెక్కపెట్టడానికి నాడి లేదు.

"గిట్ల బతికెందుకు భాయ్?" అన్నాడొకసారి, నేను చెయ్యి పట్టుకుని ఉండగానే.

నాకు ఒళ్ళు మండింది. బతికిస్తున్న గోలీనే పట్టుకుని బతుకెందుకు అంటాడేమిటి? "యాభై ఆరు. మస్తుగున్నది. ఇంటికి పో" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యంగా ఉంటుంది.

మరుసటి ఏడు మొహర్రం ఇంకా వారం ఉందనగా మొగులమ్మ ఆసుపత్రికి వచ్చింది. ఎప్పుడూ నలుగురికి వినిపించేలా మాట్లాడే మనిషి, ఆ రోజు మందుల గది లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

"అన్నా, గోలీలు బంద్ పెడ్త."

"పెడ్తె సస్తడు. రాహేలమ్మ చెప్పిన ముచ్చట మర్సినవా?"

"గిప్పుడు బతికున్నడా?" అంది. "చేతులు వడితె శవం చేతులోలె సల్లగున్నయి. తిను అంటె తింటడు, పండు అంటె పంటడు. ఏడాదాయె నన్ను ఒక్క మాట ఎదురన్లే. నేను తిట్టినా అన్లే. నా మొగడు గిట్లుండెనా?"

ఆమె చెంగుతో ముక్కు తుడుచుకుని, నిశ్చయంగా చెప్పింది.

"నా అంతట నేను ఇడువ. సామినే అడుగుత. తినుమంటె తింటడు, ఇడువుమంటె ఆ పొద్దే ఇడిపిస్త."

"ఆయన మీదికి సామి రాకపోతే ఎవ్వర్నడుగుతవు?"

"రాజేందర్ మీదికి వస్తడు గద. చాంద్‌పాషా చెప్పిండు, ఈయేడు గూడ గిట్లనే అయితే ఖాసిం పీరును అప్పటికప్పుడే గాయనకు ఇస్తరట."

రాజేందర్ నోట్లోంచి ఏ జవాబు వస్తుందో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. పాపం, వాడు అబద్ధమాడతాడని కాదు. ఏడాదిగా ఆ మాటే అనుకుంటున్నవాడికి సవారిలోనూ అదే మాట వస్తుంది. సామి ఇడువుమంటే మొగులమ్మ ఇడిపిస్తుంది. ఐదో రోజుకు ఫకీరప్ప ఉండడు. ఇంత స్పష్టంగా ఒక మనిషి చావు తేదీ నాకు ముందే తెలియడం అదే మొదలు.

ఆ సాయంత్రమే ఫకీరప్ప దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. గోడ వైపు తిరిగే విన్నాడు.

"ఇడిస్తే ఎన్నొద్దులకు పోత?"

"నాలుగైదొద్దులు."

"మంచిగనే ఉంటది గద. పోయేముందు ఒక్కసారన్న సామి వస్తడేమో."

నాకు కోపం ఆగలేదు. "నీ సంగతి సరే. మొగులమ్మ సంగతేంది? తన చేతులతోని గోలీలు బంద్ పెట్టి నిన్ను చంపుకున్ననని బతికినన్ని దినాలు ఏడుస్తది. గది గూడ నీకు మంచిగనే ఉంటదా?"

నేను లేచి వచ్చేశాను. అంతకుమించి నేను ఏ సలహా ఇవ్వలేదు. ఇలా చెయ్యి, అలా చెయ్యి అని ఒక్క మాట అనలేదు. ఇది ఒట్టేసి చెప్పగలను.

పదోనాడు పొద్దున సావిడి ముందు జనం కిక్కిరిసిపోయారు. పీరును ఎత్తినవాడు పడిపోకుండా నడుము పట్టుకోవడానికి వెనుక ఇద్దరు ఉంటారు. గుండె జబ్బు మనిషి కదా, నేను ఉంటానని చాంద్‌పాషాతో చెప్పి ఒకడిగా నిలబడ్డాను. జీవితంలో అదే మొదటిసారి నేను పీర్ల పనిలో చెయ్యి పెట్టడం. మా నాన్న ఉంటే చెవి తెంపేవాడు.

డప్పులు మొదలయ్యాయి. ఖాసిం పీరు ఫకీరప్ప చేతిలోకి వచ్చింది. కాసేపు ఏమీ లేదు. రాజేందర్ అప్పుడే ఊగడం మొదలుపెట్టాడు. చాంద్‌పాషా అతని వైపు ఒక అడుగు వేశాడు. అప్పుడు ఫకీరప్ప భుజాలు కదిలాయి. తల వెనక్కి పడింది. ఒళ్ళంతా ఊగింది. గొంతులోంచి కేక వచ్చింది. జనం "యా ఖాసిం!" అని అరిచారు. ఆడవాళ్ళు ఏడ్చారు. నా పక్కనున్నవాడు కూడా ఏడ్చాడు.

నేను ఒక చేత్తో నడుము పట్టుకుని, రెండో చేత్తో అతని మణికట్టు పట్టుకున్నాను. చెయ్యి చల్లగా ఉంది, చెమట లేదు. గడియారం చూస్తూ లెక్కపెట్టాను. యాభై ఎనిమిది.

మనిషి గాలికి కొట్టుకునే కొమ్మలా ఊగుతున్నాడు, నాడి మాత్రం కుర్చీలో కూర్చున్నవాడిలా నిదానంగా కొట్టుకుంటోంది. అంతమంది జనంలో ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇరవై రెండేళ్ళు నిజంగా వచ్చినదాన్ని ఆ మనిషి ఆ రోజు వేషం కట్టాడు. అందరికంటే ఎక్కువ నమ్మినవాడు అతనే. తన సామిని తానే ఎగతాళి చేస్తున్నట్టు ఎంత కుమిలిపోయి ఉంటాడో నాకు అప్పుడు తట్టింది. నాకు ఏడుపు వచ్చింది. పక్కనున్నవాడు నేనూ భక్తిలో పడ్డాననుకున్నాడు.

వరసలో మొగులమ్మ వంతు వచ్చింది. కొంగు చాచి నిలబడింది.

"తండ్రీ, నా పెనిమిటి గోలీలు తింటున్నడు. తినుమంటవా, ఇడువుమంటవా? నీ మాటే మాట."

ఫకీరప్ప ఊగుతూనే ఉన్నాడు. బండల గనిలో సగం మంది మావాళ్ళే కాబట్టి మా ఉర్దూ అతనికి వచ్చు. గొంతు పెద్దది చేసి అన్నాడు.

"దవా ఛోడ్నా నక్కో, మా."

"మందు ఇడువొద్దంటున్నడు సామి" అన్నాడు చాంద్‌పాషా.

అంతటితో ఊరుకుంటాడనుకున్నాను. ఊగడం కాస్త తగ్గింది. ఆమె వైపు తల దించి, ఈసారి చిన్న గొంతుతో అన్నాడు. "ఉస్కూ జీనే కా దిల్ హై."

చాంద్‌పాషా అది కూడా చెప్పాడు. "ఆయనకు బతుకాలనున్నదట."

మొగులమ్మ తల ఎత్తి చూసింది. మొక్కడం మరిచిపోయి అలాగే చూసింది. వెనకవాళ్ళు తోస్తే పక్కకు జరిగింది.

ఇక అలావా మిగిలింది. సవారి వచ్చినవాళ్ళు నిప్పుల మీద నడిచి కాగ్నాకు బయలుదేరాలి. సామి ఉన్నవాడి కాళ్ళు కాలవని మా ఊరి నమ్మకం. ఈ సంగతి నాకు తట్టేసరికి ఫకీరప్ప గుండం అంచున ఉన్నాడు. నడుము పట్టుకుని వెనక్కి లాగవచ్చు. డాక్టరు వద్దన్నాడని చెప్పవచ్చు. లాగితే ఈయేడు కూడా సామి రాలేదని తేలిపోతుంది, మొగులమ్మ వెళ్ళి రాజేందర్‌ను అడుగుతుంది. నేను చెయ్యి వదిలేశాను. నా బతుకులో నేను చేసిన పనులన్నిటిలోకీ ఆ వదలడమే కష్టమైంది.

అతను నడిచాడు. పరుగెత్తలేదు. ఎనిమిది అడుగులు. ఆ పైన కాగ్నా దాకా మైలున్నర, కంకర దారిలో, వట్టికాళ్ళతో, పీరు ఎత్తుకుని, ఊగుతూ. ఒక్కసారి కూడా కుంటలేదు.

వాగు దగ్గర పీర్లకు కట్టిన బట్టలు విప్పి, పంజాలు కడిగి, అందరూ ఏడ్చి, మలీద ప్రసాదం పంచుకుని వెళ్ళిపోయారు. ఫకీరప్ప మోకాటి లోతు నీళ్ళలో అలాగే నిలబడి ఉన్నాడు. మొగులమ్మను నేనే ఇంటికి పంపాను, సామి దిగిన మనిషికి కాస్త అలుపు తీరాక తీసుకొస్తానని. పొద్దు వాలుతుండగా అతన్ని ఒడ్డున కూర్చోబెట్టి కాళ్ళు చూశాను. రెండు అరికాళ్ళూ బొబ్బలు. కొన్ని చిట్లి కంకర దిగింది.

ఆసుపత్రి వెనక తలుపు తీసి లోపల కూర్చోబెట్టాను. కంకర ఏరి, కడిగి, కాలినదానికి పూసే పసుప్పచ్చ మలాము రాశాను. అతను పళ్ళు కరచుకున్నాడు కానీ శబ్దం చెయ్యలేదు.

"మొగులమ్మకు ఎరుక గావద్దు భాయ్. ఎరుకైతే సామి రాలేదని తెలుస్తది. గోలీలు ఇడిపిస్తది."

"ఏం జెప్తవు మరి?"

"బండ మీద వడ్డదంట."

"రెండు అరికాళ్ళ మీద ఒక్కసారే ఏ బండ పడ్తది?"

ఏడాదిన్నరలో అతను నవ్వగా చూడడం అప్పుడే. చివరికి, చలికి కాళ్ళు పగిలాయని చెప్పి బట్ట చుట్టుకుని ఉండేలా ఒప్పందం చేసుకున్నాం. మలాము గొట్టం ఒకటి జేబులో పెట్టి పంపాను. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగాడు.

"సామి నన్ను మాఫ్ చేస్తడా?"

నేను కాంపౌండర్ని. ఆ ప్రశ్నకు నా దగ్గర పొట్లం లేదు. "చేస్తడు" అన్నాను. నాడి లెక్క తప్ప నోటితో ఏదీ చెప్పని నేను, తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం అదే మొదలు.

పది రోజుల తర్వాత మొగులమ్మ వచ్చింది. ఎప్పటిలాగే బయటి నుంచే గట్టిగా మాట్లాడుతూ వచ్చింది, ముందు నిలబడ్డ ఇద్దర్ని పక్కకు జరిపింది, చీటీ నా ముందు పెట్టింది.

"గోలీలు మూన్నెల్లకియ్యి. మాటిమాటికి నేను రాలేను."

సంతోషమేసింది. లెక్కపెట్టి పొట్లం కట్టాను. డబ్బులు ఇచ్చాక కూడా ఆమె కదల్లేదు. ఆ ఇద్దరూ వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించింది.

"గా పసుప్పచ్చ మలాము గూడ ఒకటియ్యన్నా. ఇంట్లది అయిపోవట్టె."

నా చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది. "ఏం మలాము?"

"ఆయన పండినంక బట్ట ఇప్పి నేను పూస్తున్న. నువ్విచ్చిందాన్ని ఆయన సరిగ పూసుకుంటలేడు, నొస్తదని."

అయితే ఆమెకు తెలుసు. తెలిసీ మూడు నెలల గోలీలు కొంటోంది. నా ముఖం చూసి ఆమెకు జాలేసినట్టుంది.

"కాళ్ళు జూసినంక తెలుసుకున్ననని అనుకుంటున్నవా? సావిడి కాడనే ఎరుకైంది. సామి వచ్చినప్పుడు నేను ఎవ్వరో ఆయనకు తెల్వదన్నా. ఇరవై ఏండ్లు ఎదురుంగ నిలవడి మొక్కిన, ఒక్కపారి గుర్తువట్టలే. గా పొద్దు నా దిక్కు జూసి జెప్పిండు."

"మరి ఎందుకు నమ్మినవు?"

"సామి జెప్పిండని కాదు." గోలీల పొట్లం కొంగున ముడి వేసుకుంది. "గిట్ల బతికెందుకని ఏడాది సంది నాకు జెప్తుండె. బతుకాలనున్నదని జెప్పనీకి నిప్పులల్ల నడిచిండు. ఇంకెవ్వర్నడుగాలె నేను?"

నేను అల్మారా తీసి మలాము గొట్టాలు రెండు ఇచ్చాను. ఆమె ఒకటి తీసుకుని, ఒకటి వెనక్కి పెట్టి, గుమ్మం దాకా వెళ్ళి తిరిగి చూసింది.

"ఆయనకు మాత్రం జెప్పకన్నా. నేను నమ్మినననే ఉండని."